నడుములోతు నీళ్లకు చేపల మిషను

సత్యవేడు,
20 డిసెంబర్ 2024

ధనంజయ బావకు,

ఫోను పక్కనే పెట్టుకుని ఈ మనిషి ఉత్తరం ఎందుకు రాస్తున్నాడని నువ్వు కళ్లజోడు వెతుక్కుంటూ విసుక్కుంటావు. విసుక్కో. ఫోన్లో మాట్లాడితే నీ చెల్లెలు వింటుంది. రేవతి పెరట్లో అంట్లు తోముతున్నా సరే, వాకిట్లో నేను గొణిగింది ఆమెకు వినబడుతుంది. పెళ్లయిన కొత్తలో ఆ చెవులను చూసి ముచ్చటపడ్డాను. మీ ఇంటికి రాస్తే శకుంతలక్క చదివి సాయంత్రానికల్లా రేవతికి చేరవేస్తుంది. అందుకే చిత్తూరు బెల్లం మండీ చిరునామాకు రాస్తున్నాను.

పొలం కౌలుకిచ్చాక నేనొక పడవ కొన్నానని నీకు తెలుసు. శ్రీసిటీ ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికిన గిరి అనే అబ్బాయి అమ్మిన చిన్న పడవ, చిన్న ఇంజను. అసలు ఇల్లంతా కాళ్లు కాలిన పిల్లిలా తిరుగుతున్న నన్ను చూసి 'యాడికన్నా పోయిరాప్పా' అన్నది రేవతే. నేను పులికాట్‌కు పోయాను. ఫలానా చోటికి పో అని ఆమె చెప్పలేదు కదా.

మొన్న తెల్లవారి గాలం తీసుకుని సరస్సులోకి పోతే మంచు కమ్మింది. ముందు వెనకలు తెలియలేదు. తోసుకుంటూ పోయి పోయి ఎక్కడో తమిళనాడు వైపు తేలాను. అక్కడివాళ్లు మంచివాళ్లు, కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టారు. మంచు విడిచాక మధ్యాహ్నానికి వెనక్కి వచ్చాను. ఫోను తడిసి ఆ పూట ఆగిపోయింది కాబట్టి చెప్పలేకపోయాను. ఇంతే జరిగింది. వచ్చేసరికి రేవతి ఒడ్డున నిలబడి ఉంది. నన్ను చూడగానే వెనుదిరిగి బండి దగ్గరికి నడిచింది. ఇంటికొచ్చాక మాత్రం, 'దోవ సూపించే మిషను లేకుండా ఇంగోసారి ఆ పడవ ఎక్కినావంటే, కాపరం గూడా దాంట్లోనే పెట్టుకో' అన్నది.

కాబట్టి బావా, ఒక జీపీఎస్ కావాలి. చేపలు ఎక్కడున్నాయో చూపించే ఫిష్ ఫైండర్ కూడా దానితోపాటే వస్తుందని గిరి చెబుతున్నాడు. మన రెండిళ్లలో తీగ తగిలించే ఏ వస్తువూ నువ్వు చూడకుండా గడప దాటలేదు. ఇదీ నువ్వే చూడు. ఆ పడవ లేకపోతే నాకు పొద్దు గడవదు. నవ్వుతూ రాస్తున్నాననుకోకు.

నీ
ఢిల్లీబాబు


చిత్తూరు,
29 డిసెంబర్ 2024

ఢిల్లీబాబు బావకు దీవెనలు, కాసిన్ని చీవాట్లు.

ఇడ్లీ తిన్న సంగతి రేవతికి చెప్పావా? చెప్పకపోతే చెప్పకు.

నీ ఉత్తరం అందగానే తిరుపతి పోయాను. అక్కడ కొట్టులో కుర్రవాడు ఒక పెట్టె తెచ్చి, 'సార్, ఇది తెలుగులో దారి చెబుతుంది' అన్నాడు. ఆన్ చేస్తే, ముందుకు వెళ్లి ఫ్లైఓవర్ ఎక్కమంది. అది కార్లకట. సరస్సులో ఫ్లైఓవర్ ఎక్కమంటే నువ్వు ఎక్కే మనిషివే కాబట్టి వద్దన్నాను. తర్వాత మద్రాసులో రాయపురం దాకా పోయి వచ్చాను. పడవల సామాన్లన్నీ ఆ వీధిలోనే.

చూడవలసినవి చాలా ఉన్నాయి. తెర మీద వేలితో తాకేవి ఉన్నాయి, మీటలు నొక్కేవి ఉన్నాయి. తడి చేత్తో తాకితే ఆ తెర పలకదు కాబట్టి మీటలదే మేలు. ఎండలో తెర కనబడాలి. ఆ కొట్టాయన నీడలో చూపించి అద్భుతం అన్నాడు, నేను నడివీధిలోకి పట్టుకుపోయి చూస్తే నా మొహమే కనబడింది. బెల్లం అచ్చును కూడా కొట్టు లోపల చూసి ఎవరైనా కొంటారా? ఇక చేపల సంగతి. ఒక గుండ్రటి బిళ్లను నీళ్లలో ముంచాలి. అది కిందికి శబ్దం పంపుతుంది. అడుగు తగిలి తిరిగివచ్చేదాన్ని బట్టి లోతు చెబుతుంది, మధ్యలో ఏదైనా అడ్డం వస్తే చేప బొమ్మ వేస్తుంది. వెయ్యడుగుల లోతు దాకా చూసేది ఒకటి ఉంది. నువ్వు లోతు రాయలేదు. మ్యాపులో చూస్తే పులికాట్ ముదురు నీలంగా ఉంది, కాబట్టి లోతు దండిగానే ఉంటుందని నా అంచనా.

తొందరపడకు. శకుంతలకు మిక్సీ కొనడానికే నేను ఏడాది తిరిగాను. అది చట్నీ వ్యవహారం, ఇది ప్రాణాల వ్యవహారం.

ధనంజయ


సత్యవేడు,
5 జనవరి 2025

బావా,

పులికాట్ లోతు నడుము దాకా. నా నడుమే, నీది కాదు. కొన్నిచోట్ల మోకాలు. ఎండలు ముదిరితే కాలి చీలమండ. వెయ్యడుగుల మిషను పెడితే అది భూమిని తొలుచుకుని అవతలి వైపు చూస్తుంది. చేపల సంగతి వదిలెయ్. అరచేతిలో పట్టే జీపీఎస్ ఒకటి, బయల్దేరిన చోటికి తిరిగి దారి చూపించేది, చాలు. రేవతి అడిగింది కూడా అంతే.

త్వరగా చూడు బావా. ఇది కొంగలు, రాజహంసలు దిగే కాలం. మబ్బు కిందికి వచ్చి వాలినట్టు నీళ్ల మీద తెల్లగా, గులాబీ రంగుగా ఉంటుంది. అందరి పడవలూ తిరుగుతుంటే నాది ఒడ్డున బోర్లా పడి ఉంది. నేను రోజూ పోయి దాని పక్కన కూర్చుని వస్తున్నాను. పడవ పెట్టుకోవడానికి చోటిచ్చిన మునిరామయ్య అని అక్కడి ఊరి పెద్ద ఒకాయన ఉన్నాడు. ఆయన భార్య దేవకమ్మ నా పడవ మీద చేపలు ఎండబెడుతోంది. 'ఊరికే పడుండాది కదన్నా' అని నన్నే అడిగి మరీ పరిచింది. కాదనలేకపోయాను. ఇప్పుడు నేను చేపలకు కాకుల కాపలా కాస్తున్నాను.

రేవతి రోజూ 'అన్న ఏమన్నాడు' అని అడుగుతుంది. ఇంకా చూస్తున్నాడంటే ఆమె మొహం వెలిగిపోతుంది. అన్న మీద అంత అభిమానం.

నీ
ఢిల్లీబాబు


చిత్తూరు,
24 జనవరి 2025

ఢిల్లీబాబూ, శుభవార్త.

మిషను కొన్నాను. వెయ్యడుగులదే. నువ్వు నడుములోతు అన్నావు, నిజమే. కానీ వస్తువు అన్నాక రేపటికీ పనికిరావాలి. రేపు నువ్వు సముద్రంలోకి పోతానంటే మళ్లీ రాయపురం ఎవరు పోతారు?

కొన్నవాణ్ని పరీక్షించకుండా పంపుతానా? యాదమరి దారిలో మన మామిడితోట బావి ఉంది కదా, స్కూటరు బ్యాటరీ తగిలించి, బిళ్లను తాడుకు కట్టి దించాను. తెర మీద లోతు పడింది. చూస్తుండగానే అడుగున ఒక చేప బొమ్మ. పెద్ద చేప. మన బావిలో కప్ప కూడా లేదని నాకు తెలుసు. మిషను చెడిపోయిందని నేను, లేదు చేప ఉందని తోట కాపలా మునిప్రసాద్. కొక్కేల పాతాళగరిగె వేసి దేవులాడితే మా అమ్మ ఇత్తడి బిందె పైకి వచ్చింది. నీకు ఆ బిందె కథ తెలుసు. పక్కతోట వాళ్లు ఎత్తుకుపోయారని మా అమ్మ బతికున్నన్నాళ్లూ వాళ్లతో మాట్లాడలేదు. శకుంతల నిన్న వాళ్లింటికి గిన్నె నిండా పాయసం పంపింది. పండగా పబ్బమా, ఎందుకు పంపిందో పాపం వాళ్లకు అంతుబట్టలేదు.

ఆ వార్త ఊరంతా పాకింది. ఎవరి బావిలో నీళ్లెంత మిగిలాయో చూడమని జనం వస్తున్నారు. మన జిల్లాలో బావి చూపిస్తానన్నవాణ్ని ఎవరైనా వదులుతారా చెప్పు. గుడిపాల పోయింది మిషను, అక్కణ్నుంచి బంగారుపాళ్యం. అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోరు పాయింటు చూపించే పెద్దమనిషి ఒకడు వచ్చి, 'దీంతో ఎండు నేల మీద కూడా నీళ్లు కనపడతాయా' అని అడిగాడు. కనపడవన్నాను. హాయిగా ఊపిరి తీసుకుని కాఫీ తాగి పోయాడు. ఈ వారం ఒక రైతు బావి చూసి, ఈసారి చెరకు వద్దు, రాగి చాలు అని చెప్పి వచ్చాను. నాకు బెల్లం వ్యాపారంలో కూడా ఇంత మర్యాద దొరకలేదు.

మిషను తిరిగి రాగానే పంపుతాను. ఓపిక పట్టు.

ధనంజయ


సత్యవేడు,
3 ఫిబ్రవరి 2025

శ్రీ ధనంజయ గారికి నమస్కారాలు.

మీరు క్షేమమని తలుస్తాను. మేము కూడా క్షేమమే.

నిన్న సాయంత్రం నేను వాకిట్లో చెప్పులు విడుస్తుంటే, లోపల మీ చెల్లెలు శకుంతలక్కతో ఫోన్లో అంటున్న మాటలు వినబడ్డాయి. ఈ ఇంట్లో చెవులు ఆమెకొక్కదానికే లేవు. 'అన్నను ఇంగా కొన్నాళ్లు ఆ మిషను ఈకుండా లాగమను వదినా. ఎండలొచ్చేస్తే నీళ్లు తగ్గిపోతాయి, ఆయనకూ ఆ పిచ్చి తగ్గిపోతాది.'

సంగతి అర్థమైంది. తిరుపతి పోవడం, రాయపురం పోవడం, నడివీధిలో తెర చూడటం, బావులు, బిందెలు, అంతా నాటకం. నేను కాకుల్ని తోలుకుంటూ ఒడ్డున కూర్చున్నాను, మీరు జిల్లాలో బావులన్నీ చూసుకుంటూ మర్యాదలందుకున్నారు. పడవ వద్దని నా మొహం మీద చెప్పి ఉంటే కొట్లాడుకుని ఊరుకునేవాళ్లం. నమ్మి రాశాను. అదే నా బాధ.

మిషను మీ దగ్గరే ఉంచుకోండి. నేను ఏ మిషనూ లేకుండానే పోతాను.

ఇట్లు,
టి. ఢిల్లీబాబు


చిత్తూరు,
7 ఫిబ్రవరి 2025

బావా,

నన్ను 'గారు' అనకు. మండీలో ఉత్తరం చదివి, గుమాస్తా ముందు కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. బెల్లం దుమ్ము అని చెప్పాను.

రేవతి లాగమన్నది నిజం. నేను లాగిందీ నిజం. బావులు మాత్రం నాటకం కాదు, అది నా పిచ్చి. ఇప్పుడు ఒక సంగతి రాస్తాను, కూర్చుని చదువు. నువ్వు తమిళనాడులో ఇడ్లీ తింటున్న పొద్దున ఆమె నాకు ఒడ్డు మీది నుంచి ఫోను చేసింది. చిన్నప్పుడు కుక్క కరిచినా ఏడవని పిల్ల అది. 'అన్నా, నీళ్లు కనపడలా, మనిషి కనపడలా. పేరు పెట్టి పిలస్తా ఉండాను. నా గొంతే నాకు తిరిగొస్తాండాది. ఇంటికి పోయి ఎవురికేం సెప్పేది?' అన్నది. నువ్వు మధ్యాహ్నం నవ్వుకుంటూ దిగావట. ఆమె ఆ సంగతి నీకు చెప్పదు. ఆ గొంతు విన్నవాణ్ని, మిషను లాగమంటే లాగనా?

అయినా నమ్మినవాణ్ని తిప్పడం తప్పే. ఈ రోజే ఆర్టీసీ కార్గోలో మిషను పంపాను. అక్షరాలు చిన్నవి, కళ్లజోడు మరిచిపోకు. అందులో గుర్తులు పెట్టుకునే చోట గుడిపాల బావి, యాదమరి బావి అని ఉంటాయి. చెరపకు, వచ్చే ఏడాది మళ్లీ అడుగుతారు.

మిషను లేకుండా మాత్రం పోవద్దు. నా కోసం కాదు.

ధనంజయ


సత్యవేడు,
20 ఫిబ్రవరి 2025

బావా,

కోపం పోయింది. నీ ఉత్తరం రెండుసార్లు చదివి పెట్టెలో పెట్టాను. రేవతిని ఆ సంగతి అడగబోయి అడగలేకపోయాను. 'మిషను వచ్చింది కదా, ఇంకేమి' అన్నాను. 'సరే పో' అన్నది. అంతటితో ఆ మాట అయిపోయింది.

మిషను బంగారం. పోయిన దారంతా తెర మీద గీత గీస్తుంది, ఆ గీత పట్టుకుని వెనక్కి వస్తే మన ఒడ్డే. చేపల భాగం మాత్రం కొంచెం అతి. లోతు తక్కువైతే హెచ్చరించే గంట ఒకటి ఉంది. ఇక్కడ అంతటా తక్కువే కాబట్టి బయల్దేరింది మొదలు తిరిగి వచ్చేదాకా కీచుమంటూనే ఉంటుంది. దాన్ని ఆపే మీట ఎక్కడుందో కనుక్కునేలోపల రేవతి వద్దన్నది. ఒడ్డు మీదికి వినబడుతోందట, ఎద్దు మెడలో గంట మాదిరి. తెర నిండా చేపలే. గాలం వేస్తే పాచి వస్తుంది. బురదను, పాచిని, నా తెడ్డును కూడా అది చేపలనే అనుకుంటోంది.

అయితే అసలు కబురు ఇది. ఒకచోట గంట ఆగిపోయింది. చూస్తే మంచి లోతైన మడుగు. తెర మీద చేపలు బారులు తీరి ఉన్నాయి, గాలం వేస్తే నిజంగానే పడ్డాయి. అలాంటి చోటు దొరికాక ఊరికే వదిలి రావడానికి మనసొప్పలేదు. మర్నాడు నాలుగు సరుగుడు గుంజలు తీసుకుపోయి నాలుగు మూలలా పాతాను. కొసలకు ఎర్రగుడ్డ కట్టాను. హద్దులు మిషనులో కూడా ఎక్కించాను. పొలం చేజారిందని దిగులుపడుతున్నవాడికి ఇన్నాళ్లకు మళ్లీ ఒక మడిచెక్క చేతికొచ్చింది. ఈశాన్యం మూల ఇంకో గుంజ వెయ్యమంటావా?

నీ
ఢిల్లీబాబు


చిత్తూరు,
25 ఫిబ్రవరి 2025

శభాష్ బావా.

హద్దు లేని ఆస్తి ఆస్తి కాదు. ఈశాన్యం తప్పకుండా వెయ్యి. గుంజలొక్కటే చాలవు, పేరుండాలి. పెయింటరు చేత రేకు పలక రాయించి కార్గోలో పంపుతున్నాను. పసుపు మీద ఎర్ర అక్షరాలు, దూరానికి కూడా కనబడతాయి. 'ఢిల్లీబాబు, సత్యవేడు. ఇతరులు ప్రవేశించరాదు.' మండీ వెనక స్థలానికి నేను ఇట్లాంటిదే పెట్టాను, మేక కూడా రాలేదు.

ధనంజయ


సత్యవేడు,
8 మార్చి 2025

బావా,

కొంపలంటుకున్నాయి. పడవ పోయింది.

ఆ సరస్సులో ఎవరు ఎక్కడ వల వెయ్యాలన్నది ఊళ్లవాళ్లు చీటీలు వేసి వంతులు పంచుకుంటారు. నేను గాలం మనిషిని కాబట్టి ఎక్కడ తిరిగినా నన్ను ఎవరూ ఏమీ అనలేదు, వాళ్ల వంతుల సంగతి నేనూ పట్టించుకోలేదు. నేను గుంజలు పాతిన మడుగు ఆ వారం మునిరామయ్య తమ్ముడి వంతట. ఆయన వలతో పోయేసరికి నడి నీళ్లలో నాలుగు ఎర్రగుడ్డలు, ఈశాన్యం గుంజకు పసుపు పలక, పలక మీద నా పేరు.

దానితో ఆగలేదు. ఈ చుట్టుపక్కల ఎవరైనా చేతిలో మిషను పట్టుకుని నాలుగు మూలలా గుంజలు పాతితే తర్వాత ఏమొస్తుందో జనానికి బాగా తెలుసు. సరస్సులో ఫ్యాక్టరీ కడుతున్నారని, నేను వాళ్ల సర్వేయర్నని పుకారు లేచింది. నాకు ఇడ్లీ పెట్టిన తమిళనాడు వాళ్లు కూడా పడవలేసుకుని వచ్చారు. మిషను తీసి చూపించమన్నారు. చూపిస్తే అందులో గుడిపాల బావి, యాదమరి బావి, బంగారుపాళ్యం బావి. 'ఇన్ని ఊర్లు కొలిసినాడు సూడు' అన్నాడు ఒకాయన. నీ బిందె కథ మొదలుపెట్టాను. చెప్పేకొద్దీ నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఒడ్డున పెద్దలు కూర్చున్నారు. మునిరామయ్య నెమ్మదిగానే అడిగాడు, 'ఏమప్పా, నీళ్లకు గెనాలు ఏసినావంట.' పొలానికి గట్లు వేసిన అలవాటన్నాను. నవ్వారు. నవ్వినా కట్టుబాటు కట్టుబాటే. ఇంజను తీసి ఆయనింట్లో పెట్టుకున్నారు, పడవను గొలుసు వేసి కట్టేశారు. మా ఇంటి మనిషి ఎవరైనా నాకు పూచీ ఉండాలి. మళ్లీ చీటీలు వేసేదాకా నేను నీళ్లమీదికి పోయిన ప్రతిసారీ నాతోపాటు పడవలో కూర్చోవాలి, నేను గుంజ ముట్టకుండా చూడాలి. లేకపోతే పడవ వేరేవాళ్లకు ఇచ్చేస్తారు.

ఆ పలక పంపింది నువ్వు. కాబట్టి పూచీ నువ్వే అని చెప్పాను. వెంటనే బయల్దేరు.

నీ
ఢిల్లీబాబు


చిత్తూరు,
12 మార్చి 2025

బావా,

ఇప్పుడు బెల్లం సీజను, మండీ వదిలి కదలలేను. పైగా నడుము పట్టేసింది. పైగా మా గుమాస్తా ఇంట్లో పెళ్లి.

అదంతా కొట్టేశాననుకో. నాకు నీళ్లంటే భయం. పుష్కరాలకు పోయినప్పుడు కూడా మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకున్నాను, శకుంతలకు తప్ప ఎవరికీ తెలియదు. రాయపురంలో పడవల సామాను కొట్లో నిలబడితేనే నాకు కళ్లు తిరిగాయి. నడుములోతని నువ్వంటావు. నాకు నడుములోతు కూడా ఎక్కువే.

రేవతిని అడిగి చూడు. ఒప్పుకోదని తెలుసు. పడవ పోతే ఆమెకు నిశ్చింత, నీకు దిగులు. ఎవరి వైపు మాట్లాడాలో నాకు పాలుపోవడం లేదు. నన్ను తిట్టుకో, కానీ 'గారు' అని మాత్రం రాయకు.

ధనంజయ


సత్యవేడు,
4 ఏప్రిల్ 2025

బావా,

ఆలస్యానికి కారణం ఉంది. మొదటి నుంచి చెబుతాను.

నీ ఉత్తరం చదివి, పడవ మీద ఆశ వదులుకున్నాను. రేవతిని అడగలేదు. అడిగే మొహం లేదు. పడవ వాళ్లకు అప్పగించేసి వద్దామని బయల్దేరితే, తానూ వస్తానని బండి ఎక్కింది. దగ్గరుండి వదిలించడానికి వస్తోందనుకున్నాను. పెద్దల ముందు నేను నోరు తెరవక ముందే ముందుకు పోయి నిలబడింది. 'ఈయనకు పూచీ నేనుంటా. ఇంట్లో కూర్సోని సచ్చేదానికన్నా, పడవలో కూర్సోని తిట్టేది మేలు' అన్నది. దేవకమ్మ పకపకా నవ్వింది. మునిరామయ్య లోపలికి పోయి ఇంజను తెచ్చిచ్చాడు.

మొదటి రోజు పడవ అంచు రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుంది. మూడో రోజుకు మిషను ఆమె ఒళ్లో ఉంది. ఇప్పుడు కుడికి తిప్పు, ఎడమకు తిప్పు, ఆ బురదను చూసి చేపలనుకోవద్దు, అన్నీ ఆమే చెబుతుంది. ఇంట్లో ఎట్లాగో నీళ్లమీదా అట్లాగే. గంట ఆపే మీటను కూడా ఆమే కనిపెట్టింది. తాను పడవలోనే ఉంది కాబట్టి ఇక అవసరం లేదని ఆపేసింది.

పోయిన సోమవారం నాకు మోకాలు వాచింది. ఎండలకు పక్షులు వెళ్లిపోతాయి, చివరిసారి చూసి వస్తామని రేవతి, దేవకమ్మ మన పడవలో పోయారు. ఇంజను దేవకమ్మది, మిషను నీ చెల్లెలిది. నన్ను ఒడ్డున కుర్చీలో కూర్చోబెట్టారు.

భోజనం వేళకు రావాలి. రాలేదు. గాలి లేచింది. మంచేమీ లేదు, ఎండ పెళపెళలాడుతోంది, చూపు ఆనినంత మేరా ఖాళీ నీళ్లు. ఫోను చేస్తే అందడం లేదు. గంట వినబడుతుందేమోనని చెవి పెట్టి, అది ఆపేసిన సంగతి గుర్తొచ్చి, ఆమె మీద కోపం వచ్చింది. మునిరామయ్య 'వస్తార్లేప్పా' అని వల అల్లుకుంటున్నాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. వాచిన కాలుతో నీళ్లలోకి దిగి నిలబడ్డాను. పేరు పెట్టి పిలిచాను బావా. పెళ్లయినప్పటి నుంచి నేను ఆమెను పేరు పెట్టి అంత గట్టిగా పిలవలేదు. నీ ఉత్తరంలో నువ్వు రాసిన మాట అప్పుడు తెలిసింది. చదివినప్పుడు తెలిసిందనుకున్నాను. తెలియలేదు.

పొద్దు వాలాక వచ్చారు. ఇంజనుకు పాచి చుట్టుకుంటే దిగి తీసుకుంటూ, తోసుకుంటూ వచ్చారట. ఇద్దరూ నడుము దాకా తడిసి నవ్వుకుంటూ ఉన్నారు. రేవతి నన్ను నీళ్లలో చూసి, 'ఏమప్పా, కాలు వాసిందని కుర్సీలో ఉండమంటే ఈడ నిలబడుండావు. అన్నం తిన్న్యావా?' అన్నది. ఆమె చెయ్యి పట్టుకుని దించాను. ఒడ్డు దాకా వదల్లేదు. ఆమెకు అర్థమైనట్టుంది, దారంతా ఒక్క తిట్టూ తిట్టలేదు.

ఇంటికొచ్చాక ఆ మంచు పొద్దు సంగతి నేనే ఎత్తాను. తప్పయిందని చెప్పాను. 'ఇప్పుడు తెలిసిందా' అని అన్నం వడ్డించింది.

పడవ మాకు ఉంది. ఇంకో పది రోజులకు మళ్లీ పోతుందట, దేవకమ్మతో. పోవద్దని నేను అనలేను, ఏ మొహంతో అంటాను. బావా, మళ్లీ నీతోనే పని పడింది. ఒడ్డున కూర్చునే మనిషికి పనికొచ్చే మిషను ఏదైనా ఉందేమో చూడు. ఈసారి ఏడాది తిరగకు.

నీ
ఢిల్లీబాబు


చిత్తూరు,
9 ఏప్రిల్ 2025

బావా,

ఉత్తరం అందిన పొద్దే రాయపురం పోయి సాయంత్రానికి తిరిగొచ్చాను. పడవ ఎక్కడుందో ఫోన్లో చుక్కలాగా చూపించేవి ఉన్నాయట. చుక్క కదలకుండా ఆగిపోతే ఒడ్డు మీది మనిషి ఏం చెయ్యాలి అని అడిగాను. ఆ కొట్టాయన చుక్కను చూస్తూ కూర్చోవాలండీ అన్నాడు. అందుకు మిషనెందుకని కొనకుండా వచ్చేశాను.

శకుంతలకు చెప్పాను, మండీ గుమాస్తాకు అప్పగించాను. సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాను. పడవ ఎక్కను. ఒడ్డున నీ పక్కన ఇంకో కుర్చీ వేయించు, నీళ్లకు కాస్త దూరంగా.

ధనంజయ